ఐదో నెల కొలత

2011 నవంబరు 19, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. స్కింగ్‌మో ఊరి నుంచి లేహ్ పట్నానికి ఆ ఏటి ఆఖరి లారీ కదలబోతోంది. గడ్డకట్టిన ఇంజను కింద నిప్పులు పెట్టి వేడిచేసిన డ్రైవరు జిగ్మెత్, మెట్టు మీద ఒక కాలు మోపి, ఆరోగ్య ఉపకేంద్రం వైపు తిరిగి మళ్ళీ కేకవేశాడు.

"ఆచే! వస్తున్నావా లేదా? ఆ కనుమ మా మామగారి వాకిలి కాదు, నీకోసం తెరిచి ఉంచడానికి!"

ఆచే అంటే పెద్దక్క. ముసలివాళ్ళు తప్ప లోయలో అందరూ నర్సు స్పల్జెస్‌ను అలాగే పిలుస్తారు. ఆమె గుమ్మంలో నిలబడి, గొంచా అనే మందపాటి ఉన్ని అంగీ చేతిని తిరిగి తొడుక్కుంటోంది. ముప్పై ఏడేళ్ళ వయసులో, పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆమె తొలిసారి గర్భవతి అయింది. ఇప్పుడు ఆరో నెల. కొద్దిసేపటి క్రితమే తన రక్తపోటు తానే చూసుకుంది. పైది నూట ఇరవై ఎనిమిది, కిందది ఎనభై రెండు.

"లేహ్‌లో మా ఇంటి పొయ్యి దొరకదు తమ్ముడూ. నువ్వు బయల్దేరు."

"పొయ్యి దొరక్కపోవడం కాదు, మీ ఆయన మొరుప్ దొరకడని చెప్పు!"

లారీ మలుపు తిరిగేవరకు ఆమె నవ్వు ఆగలేదు. మూడు రోజులకు మంచు కురిసి, లేహ్ దారిలోని కొండ కనుమ మూసుకుపోయింది. అది తిరిగి తెరుచుకునేది మే నెలలో. ఆమెకు నెలలు నిండేది ఫిబ్రవరి చివర.

తొందరపడి తీసుకున్న నిర్ణయం కాదది. ఆ చలికాలంలోనే లోయలో మరో ఇద్దరు స్త్రీలు ప్రసవించవలసి ఉంది, స్పల్జెస్ వెళ్ళిపోతే వారికి దిక్కు లేదు. పైగా అంకెలు ఆమె పక్షానే ఉన్నాయి. ఐదో నెలలో తొలిసారి చూసుకున్నప్పుడు పైది నూట పద్దెనిమిది, కిందది డెబ్బై ఆరు. ప్రమాదమని పుస్తకాలు గీసిన గీత నూట నలభై మీద తొంభై. గీతకు తాను ఎంతో దిగువన ఉన్నానని ఆమె నమ్మింది. నమ్మడానికి ఆమె దగ్గర పద్నాలుగేళ్ళ అనుభవం ఉంది.

*

ఆమె పుట్టింది ఆ ఊళ్ళోనే, గొర్రెలకాపరి ఇంట మూడో కూతురిగా. పదో తరగతి వరకు లేహ్‌లో హాస్టలు చదువు, తర్వాత నర్సు శిక్షణ. శిక్షణ పూర్తయ్యాక తన లోయకే పంపమని అడిగి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. పదమూడు వేల అడుగుల ఎత్తున, ఆరు నెలలు దారి లేని చోటుకు అడిగి వచ్చేవారు అరుదు.

పనిలో ఆమెది చాదస్తమని చెప్పుకునేవారు. ఎంత దూరం నుంచి వచ్చిన మనిషికైనా ముందు ఇనప పొయ్యి పక్కన పీట వేసేది. చలికి చర్మం కింది సన్నని నాళాలు ముడుచుకుంటాయి, ఆ ముడుపు రక్తపోటును పైకి తోస్తుంది. కనుక చేతులు వెచ్చబడాలి, ఊపిరి నిమ్మళించాలి. గొంచా చేతిని పైకి మడవనిచ్చేది కాదు, పూర్తిగా తీయించేది. మడత దండ చుట్టూ తాడులా బిగుసుకుంటే కొలత చెడుతుంది. వెన్న వేసి చిలికిన ఉప్పు చాయ్ కొలత అయ్యాకే. దండకు పట్టీ చుట్టి గాలి వదిలాక, పాదరసం దిగుతుంటే ఆమె ముఖంలో ఏ కదలికా ఉండేది కాదు.

గర్భిణులకు మాత్రం నోరు విప్పి చెప్పేది. నీళ్ళతో చెబితే ఆ లోయలో అర్థం కానివారు లేరు.

"కడుపు పండిన దగ్గర్నుంచీ ఒంట్లో రక్తం పెరుగుతుంది. నెలలు నిండేసరికి కాలువలో ఉన్నదానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. అయినా గట్టు తెగదు. ఎందుకు తెగదో ఎవరు చెబుతారు?"

"మీ ఆయన కాపలా కాస్తాడు కాబట్టి!" అని ఈమధ్య ఎవరో ఒక కోడలు అనేది. స్పల్జెస్ భర్త మొరుప్, ఊరి కాలువల పంపకం చూసే నీళ్ళ పెద్దగా ఆ రాబోయే ఏటికి ఎన్నికైనవాడు.

"మా ఆయన కాపలా కాస్తే ఎప్పుడో తెగేది. గట్లు మెత్తబడి కాలువ వెడల్పవుతుంది, అందుకని. బిడ్డ కోసం ఒళ్ళు తనంతట తానే వదులవుతుంది."

ఆమె చెప్పింది నిజమే. గర్భం నిలిచిన కొద్ది వారాలకే శరీరంలోని రక్తనాళాలు సడలడం మొదలవుతుంది. గుండె ఎక్కువ రక్తాన్ని తోస్తున్నా నాళాల అడ్డు తగ్గినందున రక్తపోటు పడిపోతుంది. ఐదు, ఆరు నెలల నాటికి అన్నిటికన్నా దిగువకు చేరి, ఆ తర్వాత మెల్లగా ఎక్కి, ప్రసవం నాటికి గర్భానికి ముందున్న చోటికి వస్తుంది. గర్భసంచిలో ఇంకా విచిత్రమైన మార్పు జరుగుతుంది. మాయకు రక్తం తెచ్చే మెలికల నాళాలు తమ గోడల్లోని కండను పోగొట్టుకుని, బిగించడానికి వీల్లేని వెడల్పాటి గొట్టాలుగా మారతాయి. కొందరిలో ఈ మార్పు సగంలో ఆగిపోతుంది. గాలి పలచనైన ఎత్తుల్లో ఆ కొందరు మరికొంత ఎక్కువ. అప్పుడు ఆకలిగొన్న మాయ తల్లి రక్తంలోకి ఏవో పదార్థాలు వదులుతుంది, అంతవరకు సడలి ఉన్న నాళాలు ఒళ్ళంతా బిగుసుకుంటాయి. మూర్ఛ దాకా వెళ్ళే గుర్రపువాతం పుట్టేది అక్కడే.

ఆ లోయలో అలా పోయిన గర్భిణి దిస్కిత్. నాలుగు చలికాలాల కిందటి సంగతి. ఐదో నెలలో ఆమె రక్తపోటు నూట పదహారు మీద డెబ్బై నాలుగు. ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం తల పగిలిపోతోందని కూర్చుని, కూర్చున్నచోటే మూర్ఛతో కొట్టుకుని, చీకటి పడకముందే చనిపోయింది. "ఉన్నట్టుండి వచ్చింది" అని స్పల్జెస్ పై అధికారులకు చెప్పింది. ఆ మాటను ఆమె అప్పుడు పూర్తిగా నమ్మింది.

*

ఆ లోయలో కడుపును దాచడం ఆచారం. గొంచా మీది నడికట్టు వదులు చేయక తప్పని ఐదో నెల వరకు అత్తకు, భర్తకు తప్ప ఎవరికీ తెలియనివ్వరు. ఎవరూ అడగరు. అడిగిన మనిషి చూపులో అసూయ ఉందంటారు. ఉపకేంద్రంలో పొయ్యి పక్కన కూర్చోవడమంటే ఊరందరికీ చెప్పుకోవడమే, కనుక నడికట్టు వదులు కాకముందు అక్కడికి వచ్చిన గర్భిణి లేదు.

స్పల్జెస్ దీన్ని ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. కాని జూన్ చివర ఆమెకే నెల తప్పినప్పుడు, అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"పదకొండేళ్ళు చూశానమ్మా. నడికట్టు వదిలేదాకా ఆ పట్టీ చేతికి చుట్టుకోకు. ఇంకా కనబడని బిడ్డని అంకెల్లోకి ఎక్కించకు. ఈ ఒక్కటీ విను."

"అమా, నేను నర్సుని."

"లోకానికి నర్సువి. నాకు కోడలివి."

ఆమె మాట ఇచ్చింది. మూఢనమ్మకమని తెలిసే ఇచ్చింది. పదకొండేళ్ళు ఎదురుచూసినవారికి తెలిసినదానికీ, ధైర్యం చేయగలిగినదానికీ మధ్య కొంత దూరం ఉంటుంది. వేసవంతా ఆమె ఇతరుల చేతులకు పట్టీ చుట్టింది. తన చేతికి చుట్టింది అక్టోబరులో, నడికట్టు వదిలిన రోజున. నూట పద్దెనిమిది మీద డెబ్బై ఆరు. అత్త ఆ పూట పూజగదిలో వెన్నదీపాల వరస వెలిగించింది.

డిసెంబరులో నూట ముప్పై నాలుగు మీద ఎనభై ఆరు. నెలాఖరున కొత్త ఏటి లోసర్ పండుగ దాటాక నూట ముప్పై ఎనిమిది మీద ఎనభై ఎనిమిది. చివరి నెలల్లో రక్తపోటు ఎక్కడం సహజమేనని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఉంగరం వేలికి బిగుసుకుంది. ముఖం నిండుగా కనబడుతోంది.

"మొహం పౌర్ణమి చంద్రుడిలా ఉంది, మగపిల్లాడే!" అంది అత్త.

"చంద్రుడు కాదు, రొట్టెల పిండి పొంగినట్టుంది," అన్నాడు మొరుప్. గరిటె అతని భుజానికి తగిలింది.

*

జనవరి రెండో వారంలో ఒక మధ్యాహ్నం వంటింట్లో అందరూ పొయ్యి చుట్టూ ఉన్నారు. అత్త ఉన్ని వడుకుతోంది. స్పల్జెస్ పిండి కలుపుతోంది. మొరుప్ విల్లో కర్రను చెక్కి, నీళ్ళ ఎత్తు చూసే కొలకర్ర తయారు చేస్తూ, పోయినేటి నీళ్ళ పెద్దను తీరిగ్గా తిడుతున్నాడు.

"ఆ ముసలి నక్క ఏం చేశాడో తెలుసా? జూన్‌లో కొలిచాడు! ఊళ్ళో ప్రతి మడికీ మడవ తీసి నీళ్ళు వదిలాక, పెద్ద కాలువలో మట్టం పడిపోదూ? అదే కాలువ అసలు మట్టం అనుకుని గట్టు అంతెత్తే కట్టించాడు. ఆగస్టులో మడవలు మూసేసరికి ఏమైంది? గట్టు తెగి మన బార్లీ అంతా ఇసకైంది."

"తెగిన గట్టు తెగింది, ఇప్పుడెందుకురా ఆ గోల," అంది తల్లి.

"గోల కాదమ్మా. మడవలు తీయకముందే గీత పెట్టాలి. తీశాక ఎన్నిసార్లు కొలిచినా అది కాలువని కొలవడం కాదు."

పిండిలో స్పల్జెస్ చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నావు?"

"ముసలి నక్క అన్నాను. ఏం, మీ మేనమామ అవుతాడా?"

"అది కాదు. కొలవడం గురించి. మళ్ళీ చెప్పు."

అతడు మళ్ళీ చెప్పాడు. ఈసారి నవ్వకుండా చెప్పాడు, ఎందుకంటే భార్య ముఖం అతనికి కనబడింది.

ఆమెకు గుర్తొచ్చింది ఏప్రిల్ నెల. గర్భానికి ముందు. కనుమ తెరవక మునుపే సైన్యం హెలికాప్టరులో వచ్చి పెట్టిన వైద్య శిబిరం. కొత్త యంత్రం ఎలా పనిచేస్తుందో ఊరివాళ్ళకు చూపడానికి డాక్టరు నర్సు చేతినే ఎంచుకున్నాడు. నూట నలభై రెండు మీద తొంభై. "ఇంతకాలం తాగిన ఉప్పు చాయ్ అంతా ఇక్కడ నిలవుంది!" అని ఎవరో అరిచారు, గుడారమంతా నవ్వింది, ఆమె అందరికన్నా గట్టిగా నవ్వింది. చలి అనుకుంది. పొయ్యి పక్కన కూర్చోకుండా తీసిన కొలత కదా అని దాన్ని మనసులోంచి తుడిచేసింది.

తన అసలు మట్టం నూట పద్దెనిమిది కాదు. అది మడవలు తీసిన కాలువ. నవంబరులో, ఎవరికైనా రక్తపోటు అడుగంటి ఉండవలసిన నెలలో, తనకు అప్పటికే పది పాయింట్లు ఎక్కింది. గుమ్మంలో నిలబడి లారీని పంపేసిన ఉదయం పెరుగుదల మొదలై ఉంది.

ఆ వెనకే దిస్కిత్ గుర్తొచ్చింది. నూట పదహారు మీద డెబ్బై నాలుగు. దిస్కిత్‌కు అది ఉన్నట్టుండి రాలేదు. పద్నాలుగేళ్ళుగా లోయలోని ప్రతి స్త్రీనీ తాను మొట్టమొదట కొలిచింది ఐదో నెలలోనే, నాళాలు అన్నిటికన్నా సడలి ఉన్న నెలలోనే. అన్నిటికన్నా దిగువ అంకెను తీసుకొచ్చి అసలు మట్టం అనుకుంది. పొయ్యి పక్కన వెచ్చబరిచి, గొంచా విప్పించి, అంత జాగ్రత్తగా.

"ఏమైందే? తల తిరుగుతోందా?" అత్త కదురు ఆపింది.

"లేదమా. తల నొప్పిగా ఉంది. నిన్నటి నుంచి."

*

ఆశా కార్యకర్త కుంజెస్‌ను అప్పుడే పిలిపించారు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మాటకారి. పొయ్యి పక్కన కొలిచి, పాదరసం కేసి కళ్ళు చికిలించి చూసింది. నూట యాభై రెండు మీద తొంభై ఎనిమిది. స్పల్జెస్ తన మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, పై సగాన్ని తానే మంట మీద కాచింది. నీరులా ఉన్నది మరిగి, పుల్లని ద్రావకం చుక్కలు పడ్డాక కూడా పలచటి మజ్జిగలా తెల్లబడే ఉంది. బిగుసుకున్న నాళాలు మూత్రపిండాల్లో మాంసకృత్తులను కార్చేస్తున్నాయి. ఆమె గొట్టాన్ని చాలాసేపు వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

పోలీసు ఠాణాలోని ఉపగ్రహ ఫోను నుంచి మొరుప్ లేహ్‌కు కబురు చేశాడు. హెలికాప్టరు సిద్ధంగానే ఉందనీ, కనుమ మీద మబ్బు విడితే వస్తుందనీ జవాబు వచ్చింది. మబ్బు విడలేదు. మరునాడూ విడలేదు.

నాడి చూసి మూలికలిచ్చే అమ్చీ వైద్యుడు ఛెవాంగ్ వచ్చాడు. డెబ్బై దాటిన ముసలివాడు. ఊరందరికీ మెమే, అంటే తాత. ఆయనా స్పల్జెస్ ఏళ్ళ తరబడి ఒకరి రోగులను మరొకరి దగ్గరికి పంపుకున్నవారే. మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఏం మెమే, మీ పుస్తకం ఏమంటోంది?"

"వాయిద్యం తీగలా ఉంది తల్లీ. నొక్కితే లొంగడం లేదు." ఆయన వేళ్ళు తీశాడు. "నా సంచిలో దీనికి మందు లేదు. నీ సంచిలో ఉందా?"

"బిగువు తగ్గించే మాత్రలు పది. మూర్ఛ ఆపే సూదిమందు ఒక్క మనిషికి సరిపడా. రోగం తగ్గాలంటే బిడ్డ బయటికి రావాలి, మాయ బయటికి రావాలి. అంతవరకూ ఇవన్నీ కాపలాయే."

"వస్తే బతుకుతుందా, బిడ్డ?"

"ఎనిమిదో నెల. లేహ్‌లో అయితే బతుకుతుంది."

 మెమే పొయ్యిలో పిడక వేసి, వెళ్ళకుండా కూర్చుండిపోయాడు. అత్త మూల నుంచి లేచి వచ్చి కోడలి కాళ్ళ దగ్గర కూలబడింది. ఉబ్బిన పాదాన్ని వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉంది.

"నేనే కదా వద్దన్నాను. అంకెల్లోకి ఎక్కించకని."

"మీరు అన్నారు. నేను చదువుకుని కూడా విన్నాను. ఆ సంగతి తర్వాత, అమా. ముందు కిటికీకి దుప్పటి కట్టండి, వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోంది."

*

మూడో రోజు ఉదయం మొరుప్ ఊరి మగవాళ్ళందరినీ తీసుకుని బార్లీ పొలంలోకి వెళ్ళాడు. వరసగా నిలబడి మంచును కాళ్ళతో తొక్కి గట్టిపరచి, పైలటుకు కనబడేలా పొయ్యిల బూడిదతో పెద్ద గుండ్రటి గుర్తు గీశారు. వాళ్ళ కేకలు ఇంట్లోకి వినబడుతున్నాయి. కనుమ మాత్రం కనబడటం లేదు.

కుంజెస్ పట్టీ బిగించి, స్టెతస్కోపు పెట్టి, గాలి వదిలింది.

"ఎంత?"

"నూట యాభై ఎనిమిది, ఆచే."

స్పల్జెస్ కళ్ళు మూసుకునే నవ్వింది. "నూట అరవై దాటితే ఇంకో మాత్ర వెయ్యాలని నిన్న నేనే చెప్పాను. నువ్వు గీతకి సరిగ్గా రెండు తగ్గించి చెబుతున్నావు. సంతలో బేరమా ఇది?"

కుంజెస్ ముక్కు తుడుచుకుంది. "నూట అరవై ఎనిమిది."

"మాత్ర ఇవ్వు. ఇంకెప్పుడూ నా మొహం చూసి అంకె చెప్పకు. పాదరసం చూసి చెప్పు."

"సరే ఆచే."

"ఇంకొకటి విను. ఈ మే నెలలో కాలువకి నీళ్ళు వదిలే రోజున, ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడదాన్నీ కొలువు. కడుపుందా లేదా అని అడగకు. అందరినీ కొలిస్తే ఎవరూ ఎవరి సంగతీ బయటపెట్టుకోనక్కర్లేదు, ఏ అత్తా అడ్డుపడదు. ఏటా కొలువు. మడవలు తీయకముందు గీత."

"నువ్వే కొలుస్తావు. నేను పీటలు వేస్తాను."

"నువ్వు నేర్చుకో అంటున్నాను."

కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. అది కాలేయం ఉబ్బుతున్న నొప్పి అని ఆమెకు తెలుసు, దాని తర్వాత ఏది వస్తుందో కూడా తెలుసు. దిస్కిత్ కూర్చున్నచోటు ఆమె కళ్ళ ముందు కదిలింది. గొంతు మారకుండా సూదిమందు సీసాలు తెరవమంది. పిరుదుల్లో ఎక్కడ, ఎంత లోతుకు పొడవాలో ప్రసవం నేర్పడానికి ఉంచుకున్న గుడ్డ బొమ్మ మీద వేలితో చూపించింది.  కుంజెస్ పొడిచిన రెండు సూదులూ సరిగ్గానే దిగాయి. మెమే జపమాల తిప్పడం ఆపి, ఆమె చూపినట్టే ఆమె మోకాలి కింద తట్టి చూశాడు. కాలు ఎగిరింది.

"కాలు ఎగిరితే మందు హద్దులో ఉన్నట్టు," అని ఆమె ఆయనకు చెప్పింది. "ఎగరడం మానేస్తే నాకు చెప్పండి. నేను పలక్కపోతే కుంజెస్‌కి చెప్పండి."

బయట కేకలు ఆగాయి. మొరుప్ లోపలికి వచ్చి, మంచు దులుపుకోకుండానే ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"కొంచెం తేటపడుతోంది. అంచున ఒక చోట నీలం కనబడింది."

"ఎంత?"

"ఒక చేతి రుమాలంత."

"అంతలో పడుతుందా హెలికాప్టరు?"

"నువ్వు ఎక్కుతానంటే పడుతుంది," అన్నాడు. 

ఆమె చెయ్యి విడిపించుకుని దండను దుప్పటి మీదికి చాపింది. కళ్ళ ముందు చిన్న చిన్న నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. వాటి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.  కుంజెస్ పట్టీ చుట్టి గాలి కొట్టింది, పాదరసం దిగడం చివరిదాకా చూసింది, స్పల్జెస్ ముఖం వైపు మాత్రం చూడలేదు.

"నూట ఎనభై నాలుగు."